అరవయ్యో చీటీ

ఆ నగరంలో యాభై దాటిన ప్రతి మనిషికీ మేడమెట్లు అనే రాక్ బృందంతో ఏదో ఒక బాదరాయణ సంబంధం ఉంటుందనీ, అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు కట్టుకథేననీ ఒక గట్టి నమ్మకం. ఒకరి మేనమామ వాళ్ళ మొదటి గిటారుకు తీగ బిగించి ఉంటాడు. ఇంకొకరి పిన్ని, పాటగాడికి గొంతు పట్టేసినప్పుడు, ఉప్పునీళ్ళు కాచి ఇచ్చి ఉంటుంది. రెండు వందల కుర్చీల హాల్లో జరిగిన తొలి కచేరీని కళ్ళారా చూశామని చెప్పేవాళ్ళందరికీ చోటు చాలాలంటే ఆ హాలును నది అవతలి ఒడ్డు దాకా పొడిగించాల్సి వస్తుంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే కామాగారు ఈ లెక్కను కాగితం మీద వేసి మరీ చూసుకున్న మనిషి.

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినిపించదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక్క కామా కోసం నడుస్తున్న మిషన్ను ఆపించిన రోజున ఈ పేరు పడింది, మళ్ళీ ఊడలేదు. తేదీల విషయంలో ఆయనకు ఒకటే సూత్రం. ఒక కాగితం చెబితే అది కబురు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కాగితాలు ఒకే మాట చెబితే అది తేదీ. మనుషులు నోటితో చెప్పేది ఈ రెంటిలోకీ రాదు. ఇంకొక అలవాటు కూడా ఉంది. ఎవరి గదిలోకి వెళ్ళినా, గోడ మీద చీటీల కాలెండరు నిన్నటి దగ్గర ఆగిపోయి కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. బ్యాంకులోనైనా, పరామర్శకు వెళ్ళిన ఇంట్లోనైనా ముందు ఆ పాత చీటీ చింపి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాకే కుర్చీలో కూర్చుంటాడు.

ఆ అక్టోబరులో ప్రెస్సుకు వచ్చిన పని ఆయన కోసమే పుట్టినట్టుంది. యాభై ఏళ్ళు దేశదేశాలనూ ఉర్రూతలూగించి, రెండేళ్ళ కిందట వాయించడం మానేసిన మేడమెట్లు రాక్ బృందం చరిత్రంతా, రోజుకొక సంఘటన చొప్పున, చీటీల కాలెండరుగా వెయ్యాలని అభిమాన సంఘం ముచ్చటపడింది. ఏ రోజున ఏ పాట రికార్డయింది, ఏ రోజున వాళ్ళ వ్యాను బ్రేకులు పోయి మొక్కజొన్న చేలోకి దూసుకుపోయింది, ఏ రోజున గిటారువాడు అలిగి వెళ్ళిపోయాడు, ఏ రోజున తిరిగొచ్చాడు: అన్నిటికీ జాబితా ఉంది. సంఘం అధ్యక్షుడు వృత్తికి పళ్ళ డాక్టరు. జాబితాలో ప్రతి తేదీ వెనుకా ఆయన ఏదో ఒక కాగితం జతచేసి పంపించాడు. కామాగారు రెండో కాగితం వెతికి పట్టుకున్నాడు. వచ్చేది లీపు సంవత్సరం కాబట్టి చీటీలు మూడు వందల అరవై ఆరు. షీటుకు ఆరు చొప్పున అరవై ఒక్క షీట్లు. అన్నీ నిండాయి, పదో షీటులో చివరి గడి ఒక్కటి తప్ప. సంవత్సరంలో అరవయ్యో రోజు, ఫిబ్రవరి ఇరవై తొమ్మిది.

"మాస్టారూ, పదో ప్లేటు మిషనెక్కక మూడు రోజులైంది," అన్నాడు ప్రొప్రయిటరు, దిద్దే బల్ల దగ్గరకు వచ్చి. "ఆ ఒక్క గడిలో ఏదో ఒకటి పడేద్దురూ. పాటగాడికి జలుబు చేసిందని రాయండి. యాభై ఏళ్ళలో ఒక్కసారైనా చేసుండదా?"

"చేసే ఉంటుంది. ఏ తేదీనో చెప్పండి."

"మీతో పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ."

"బృందం పుట్టాక ఆ తేదీ పన్నెండు సార్లు వచ్చింది," అన్నాడు కామాగారు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి. "పన్నెండు సార్లూ వాళ్ళు వేలు కదపలేదు. నాలుగేళ్ళకోసారి వచ్చే రోజు కదా, సెలవనుకున్నట్టున్నారు."

మిషన్‌మాన్ నవ్వాడు. ఆ పక్కనే పొడవాటి బల్ల మీద, నమూనా కాలెండరు కోసం ప్రూఫుల నుంచి కోసిన చీటీలను వరసలో పేరుస్తున్న జిగురక్క మాత్రం నవ్వలేదు. బైండింగు గదికి ఆవిడే పెద్ద. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలో అంటించిందల్లా ఆవిడ చేతి మీదుగా వెళ్ళిందే. చీటీల దొంతరను బొటనవేలితో ఒక్కసారి విసనకర్రలా విప్పి ఎన్నున్నాయో చెప్పగలదు.

"అన్నగారూ, ఆ రోజు వాళ్ళు మా మెట్ల మీద వాయించారు," అంది, చేతిలో పని ఆపకుండానే.

"ఏ ఏడు?"

"నాకు ఎనిమిదేళ్ళు నిండిన రోజు. వచ్చే ఫిబ్రవరికి యాభై రెండేళ్ళు. నా రెండో పుట్టినరోజు."

"ఎనిమిదేళ్ళకి రెండోదా?" అన్నాడు మిషన్‌మాన్.

"ఇరవై తొమ్మిదిన పుడితే అంతేగా మరి."

కామాగారు ఎర్రపెన్సిలు కింద పెట్టాడు. "మీరు పుట్టింది మార్చి ఒకటి కదమ్మా. మార్చి ఆఖరున రిటైరయ్యేవాళ్ళ జాబితా దిద్దింది నేనే."

"అది బళ్ళో వేసిన తేదీ. నాలుగేళ్ళకోసారి వచ్చే పుట్టినరోజు రికార్డుకి కుదరదని గుమాస్తా ఒకరోజు ముందుకి జరిపాడు."

"పోనీ, అలాగే అనుకుందాం. బృందం పుట్టింది అదే ఏడు ఏప్రిల్ మూడున. జడివానలో బస్సు షెల్టరు కింద, అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూడని నలుగురు కుర్రాళ్ళు కలుసుకున్నారు. పసిపిల్లలు కూడా చెబుతారు ఆ కథ. అంటే వాళ్ళు పుట్టడానికి నెల ముందే మీ మెట్లెక్కారన్నమాట. నడక తొందరగానే వచ్చింది."

ఈసారి అందరూ నవ్వారు. నవ్వు వచ్చింది కదా అని ఆయన ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఒక చిత్తు చీటీ మీద 'నూటికి తొంభై తొమ్మిది' అని రాసి, పక్కన 'ప్లస్ ఒకటి' అని చేర్చి, అందరికీ కనిపించేలా పైకెత్తి చూపించాడు.

జిగురక్క ఆ చీటీ వంక చూసింది. తన ముందున్న దొంతరను బొటనవేలితో ఒకసారి విప్పి, మూసింది. "మూడొందల అరవై అయిదే ఉన్నాయి. ఒకటి తక్కువ," అని చెప్పి, దాన్ని చంకన పెట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కామాగారి బల్ల మీదికి పదకొండో షీటు మలి ప్రూఫు వచ్చింది. తెచ్చింది ఆవిడే. "షీటు చూడండి, సార్," అంది.

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నోట ఆయన సార్ కావడం అదే మొదటిసారి. మధ్యాహ్నం కూడా సారే. సాయంత్రం గుమ్మం దగ్గర ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఆ మర్యాద ఆయనకు చెప్పులో రాయిలా తగిలింది.

ఇంట్లో అన్నం దగ్గర భార్యతో సంగతంతా చెప్పాడు, తనవైపు తప్పేమీ లేదని రుజువయ్యే క్రమంలోనే. ఆవిడ అంతా విని, "మన పెళ్ళి ఏ తేదీన అయిందో మీ దగ్గర రెండు కాగితాలున్నాయా?" అంది.

"శుభలేఖ ఉంది."

"ఒకటేగా. అయితే మనది కూడా కబురే."

ఆయన ముద్ద మింగాడు.

"అది సరేగానీ, అబద్ధమాడితే ఆవిడకి ఏం కలిసొస్తుందండీ?" అందావిడ మళ్ళీ.

అది తర్కానికి లోబడిన ప్రశ్న. పుట్టింది మార్చి ఒకటైతే ఉద్యోగం మార్చి ఆఖరు దాకా. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదైతే ఆ రోజుతోనే సరి. తన మాట నిజమని తేలితే ఆవిడ పని ఒక నెల ముందే ఊడుతుంది. తనకు నష్టం తెచ్చే మాటను ఊరికే పుట్టించే సాక్షిని ఆయన పుస్తకాల్లోగానీ, బయటగానీ ఎన్నడూ చూడలేదు.

మూడో రోజు ఉదయం ఆయన బైండింగు గదిలోకి వెళ్ళాడు. గోడ కాలెండరులో నిన్నటి చీటీ చింపి జేబులో వేసుకుని, అడగకుండానే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జిగురక్క దొంతర వీపును బల్ల అంచుకు తట్టి సమం చేసి, పైన ఇనుప దిమ్మ పెట్టి, వెడల్పాటి కుంచెతో జిగురు పూస్తోంది. కుంచె ఒక్కటే వైపు నడుస్తుంది, వెనక్కి రాదు. వెనక్కి వస్తే చీటీల మధ్యకు జిగురు దిగుతుంది.

"ఏ ఇల్లు?" అని అడిగాడు.

ఆవిడ కుంచె ఆపలేదు. "పాత మార్కెట్టు వెనక అయిదంతస్తుల మేడ. మూడో అంతస్తు, నాలుగో నంబరు."

"ఎంతమంది?"

"నలుగురు. రెండు గిటార్లు. ఒకడు నోటితో ఊదేది ఏదో. నాలుగో అతను మా కింద ఇంటి దర్జీగారబ్బాయి."

బృందంలో డ్రమ్ములు వాయించినవాడు దర్జీ కొడుకని లోకమంతటికీ తెలుసు. తెలిసిన సంగతిని ఎవరైనా తెచ్చి అతికించవచ్చు. "డ్రమ్ములు మూడో అంతస్తుకి ఎలా ఎక్కించాడు?" అన్నాడు కామాగారు, వల వేస్తున్నట్టుగా.

"డ్రమ్ము ఎక్కడిదండీ? గోడలకేసే రంగు డబ్బా. బోర్లించి అయిదో మెట్టు మీద పెట్టుకున్నాడు. రెండు చెక్క గరిటెలు. ఒకటి మా అమ్మదే."

"వాళ్ళని ఎవరు పిలిచారు?"

ఇక్కడ కుంచె ఆగింది. "మా నాన్న. అసలు గట్టిగా మాట్లాడితేనే సహించని మనిషి, సార్. ఆ రోజు నా కోసం తలుపు తీసి, వాళ్ళని అక్కడే కూర్చుని వాయించమన్నాడు. గుమ్మంలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. ఆ తర్వాత ఏడాదికే పోయాడు." జిగురు ఆరిపోతుందని గుర్తొచ్చి ఆవిడ కుంచె మళ్ళీ నడిపింది. "కాలెండరులో వెయ్యమని అడగట్లేదు. నవ్వకుండా ఉంటే చాలు."

ఆ మధ్యాహ్నమే కామాగారు పాత మార్కెట్టు వెనక్కి వెళ్ళాడు. మేడ ఉంది. రంగు మారింది, మెట్లు మారలేదు. మెట్ల కిందున్న చిన్న గదిలో మేడ మేనేజరు కూర్చుని ఉన్నాడు. నీళ్ళ గొట్టం కారడం గురించి పై ఇంటికీ కింది ఇంటికీ మధ్య నలభై ఏళ్ళుగా కోర్టులో దావా నడుస్తోందనీ, అందువల్ల ఈ మేడలో ఒక్క కాగితం ముక్క కూడా పారెయ్యడానికి వీల్లేదనీ మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పేశాడు.

"ఫిర్యాదుల పుస్తకాలున్నాయా?"

"ఉన్నవే అవి. మనుషులకి ఇంకేం పని?"

యాభై రెండేళ్ళ వెనకటి పుస్తకం అట్ట చీకిపోయి ఉంది గానీ లోపల సిరా నిలిచింది. జనవరిలో అన్నీ గొట్టాలే. ఫిబ్రవరిలో ఒక పిల్లి. కామాగారు వేలు తడిచేసుకోకుండా, అంచు పట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఇరవై తొమ్మిదో తేదీ కింద రెండు పద్దులున్నాయి. మొదటిది చదివాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

'సా. 5.10. మూడో అంతస్తు, నాలుగో నంబరు. తమ ఇంట పాప పుట్టినరోజు జరుగుతుండగా మెట్ల మీద నలుగురు కుర్రవాళ్ళు (ఒకడు మన దర్జీగారి అబ్బాయి) గిటార్లతోను, బోర్లించిన రంగు డబ్బాతోను విపరీతమైన గోల చేయుచున్నారని, వెంటనే ఖాళీ చేయించవలెనని ఫిర్యాదు.' అడుగున ఆ నాలుగో నంబరు ఇంటాయన సంతకం.

రెండోది అదే చేతిరాత, వేరే సిరా.

'సా. 6.40. అదే ఇల్లు. ఫిర్యాదు రద్దు చేసుకొనుచున్నారు. కుర్రవాళ్ళను పంపవద్దని పాప కోరినదట.' కింద అదే సంతకం. ఈసారి కొంచెం పెద్దది.

మేనేజరు తొంగి చూశాడు. "పిల్లి గురించేనా?"

"కాదు," అన్నాడు కామాగారు. ఆ పేజీకి రెండు నకళ్ళు తీయించుకున్నాడు.

అయినా అది ఒకటే కాగితం. తన సూత్రం తనకే అడ్డొచ్చింది. ఆయన తిన్నగా పళ్ళ డాక్టరు క్లినిక్కుకు నడిచాడు. రోగులు కూర్చునే గదిలో కాలెండరు రెండు రోజులు వెనకబడి ఉంది. రెండు చీటీలూ చింపాడు. గోడ నిండా బృందం ఫొటోలు, కచేరీ టిక్కెట్లు, అద్దాల ఫ్రేముల్లో.

డాక్టరు నకలు చదివి, చేతికున్న రబ్బరు తొడుగులు మెల్లగా ఊడదీశాడు. "ఇది కుదరదు సార్. ఏప్రిల్ మూడుకి ముందు వాళ్ళు ఒకరికొకరు తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఏప్రిల్ మూడునా మేం ఆ బస్సు షెల్టరు కింద గొడుగులేసుకుని నిలబడుతున్నాం. ఎండలో కూడా."

"వాన కథకి రెండో కాగితం ఏదీ?"

"వాళ్ళ నోటి మాటే. అయినా, ఆలోచించండి. దర్జీగారబ్బాయి డ్రమ్ము కొన్నదే ఏప్రిల్ రెండున. అదిగో, ఒరిజినల్ బిల్లు. ఫిబ్రవరిలో వాయించడానికి డ్రమ్మేదీ?"

"ఇందులో డ్రమ్మని లేదు. రంగు డబ్బా అని ఉంది."

డాక్టరు మళ్ళీ నకలు చూశాడు. ఈలోగా కామాగారు ఆ బిల్లు ఫ్రేము దగ్గరకు వెళ్ళి, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి, ప్రూఫు చూసినట్టే పై మూల నుంచి కింది మూల దాకా చూశాడు. దుకాణం పేరు. తేదీ, ఏప్రిల్ రెండు. సరుకు, డ్రమ్ము ఒకటి, పాతది. అడుగున 'సరుకు అందినది' అన్న అచ్చు అక్షరాల కింద, ఇరుకు చోటులో ఒకదాన్నొకటి తోసుకుంటూ, సంతకాలు.

"డాక్టరుగారూ, ఇవి ఎన్ని సంతకాలు?"

"నాలుగు. ఆ నలుగురివీను. అందుకేగా దీనికింత విలువ."

"తేదీ?"

డాక్టరు చెప్పబోయి ఆగాడు. ఆయన ఇరవై ఏళ్ళుగా రోజూ ఆ బిల్లు ముందు నుంచే నడిచి వెళ్ళి మనుషుల నోళ్ళు తెరిపించాడు. తేదీని విడిగా చూశాడు, సంతకాలను విడిగా చూశాడు. రెంటినీ కలిపి ఎన్నడూ చదవలేదు. పరిచయం కావడానికి ఒకరోజు ముందు నలుగురూ కలిసి డ్రమ్ము కొన్నారు. ఏప్రిల్ మూడుకు ముందే వాళ్ళు ఒకరికొకరు తెలుసన్న మాటను ఇప్పుడు రెండు కాగితాలు చెబుతున్నాయి.

డాక్టరు వెళ్ళి రోగులు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. బయట నుంచి ఎవరో పన్ను నొప్పి అంటే, "ఒక్క అయిదు నిమిషాలు ఓర్చుకోండి," అన్నాడు. తర్వాత అడిగాడు: "ఆ పాప ఎవరు సార్? బతికుందా?"

"మీ కాలెండరు అంటిస్తోంది."

డాక్టరు లేచి మళ్ళీ ఆ బిల్లు ఫ్రేము దాకా వెళ్ళి వచ్చాడు. చివరకు, "ఏప్రిల్ మూడు తీసేయకండి," అన్నాడు, పిల్లవాడు బొమ్మను అడిగినట్టు. "వాళ్ళ పేరుతో వచ్చిన మొదటి కరపత్రం మీద ఆ తేదీ ఉంది. అది మీరూ చూశారు."

"చూశాను. అది ఉంటుంది. 'పుట్టిన రోజు' ఉండదు."

మర్నాడు పదో షీటు ప్రూఫు తడి ఆరకముందే కామాగారు దాన్ని బైండింగు గదికి తీసుకెళ్ళాడు. ప్రొప్రయిటరునూ, మిషన్‌మాన్‌నూ, ఆ రోజు నవ్విన మిగతావాళ్ళనూ పేరుపేరునా పిలిచాడు. పిలిచిన పని చెప్పలేదు. జిగురక్క చేతులు తుడుచుకుని నిలబడింది. ముందు ఆయన నకలు తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"అచ్చు వెయ్యకముందు మీరు చూడాలి. మీరు చెప్పినదానికీ దీనికీ ఒకచోట తేడా ఉంది."

ఆవిడ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివింది. మొదటి సంతకం మీద బొటనవేలు ఆగింది.

"మా నాన్నే పిలిచాడనుకున్నా ఇన్నేళ్ళూ."

"పిలవలేదమ్మా. ఆపించమన్నారు. గంటన్నర తర్వాత ఆపొద్దన్నారు."

ఆవిడ రెండో పద్దు చదివింది. మళ్ళీ చదివింది. 'పాప కోరినదట' అన్న చోట బొటనవేలు కదలలేదు. "రెండుసార్లు మెట్లు దిగి ఎక్కాడన్నమాట," అంది నెమ్మదిగా. "మోకాళ్ళ నొప్పులు ఆయనకి." కాస్త ఆగి, "పిలవడం తేలిక. ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకోవడమే, అన్నగారూ, మా నాన్న వల్ల అయ్యేది కాదు," అంది.

కామాగారు ప్రూఫును వెలుతురుకు ఎత్తి, ఆ రోజు నవ్వించిన గొంతుతో కాకుండా, దిద్దేటప్పుడు గుమాస్తాకు చదివి వినిపించే గొంతుతో, ప్రతి కామా దగ్గరా ఆగుతూ చదివాడు: "ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. మెట్ల మీద వాయిస్తున్నారని నలుగురి మీద తొలి ఫిర్యాదు. గంటన్నరకు, మూడో అంతస్తు పాప పుట్టినరోజున ఆమె కోరిక మేరకు, ఫిర్యాదు రద్దు. అందుబాటులో ఉన్న ఆధారాల ప్రకారం బృందం వాయించిన మొదటి రోజు." జేబులోంచి పాత చిత్తు చీటీ తీశాడు. 'ప్లస్ ఒకటి'ని ఎర్రపెన్సిలుతో కొట్టేసి, పక్కన దిద్దుబాటు గుర్తు పెట్టి, చిన్న సంతకం చేశాడు. "ఆ రోజు తప్పు నాది," అన్నాడు.

మిషన్‌మాన్ గొంతు సవరించుకున్నాడు. ప్రొప్రయిటరు మాత్రం ఆలోచనలో పడ్డాడు. "అయితే మాస్టారూ, రికార్డులో ఈవిడ పుట్టిన తేదీ కూడా మార్చాలా? మారిస్తే ఫిబ్రవరి ఆఖరుకే వెళ్ళిపోవాలి మరి."

"అది అలాగే ఉండనివ్వండి," అంది జిగురక్క. "నాకు కావలసినచోట మారింది." షీటును చేతిలోకి తీసుకుని, అరవయ్యో గడి అంచు వెంట గోటితో ఒక గీత గీసి, కోతబల్ల వైపు నడిచింది.

కాలెండరు నాలుగు వేల ప్రతులు వేశారు. ఏప్రిల్ మూడో తేదీ చీటీ మీద 'బృందం పేరు మొదటిసారి అచ్చులో కనిపించిన రోజు' అని ఉంది. దాని మీద అభిమాన సంఘానికి పదకొండు నిరసన ఉత్తరాలు వచ్చాయి. ఆ ఏప్రిల్ మూడున కూడా డాక్టరు బస్సు షెల్టరు కింద గొడుగుతో నిలబడ్డాడు.

సర్వీసు రిజిస్టరులో జిగురక్క పుట్టిన తేదీ మార్చి ఒకటిగానే ఉంది. ఆవిడ మార్చి ముప్ఫై ఒకటిన రిటైరైంది. ఆ నెలలో కామాగారు బైండింగు గదికి పని మీద పంతొమ్మిది సార్లు వెళ్ళాడు. ఆ గది గోడ మీద కాలెండరు, ఆవిడ వెళ్ళిపోయే రోజు దాకా, ఫిబ్రవరి ఇరవై తొమ్మిది దగ్గరే ఉంది.